పులిపిరి మీద పది రెట్ల అద్దం

సూరత్ మహిధర్‌పురాలో వజ్రాల బజారు అంటే పెద్ద భవనమేదో ఊహించుకోకండి. అదొక సందు. స్కూటర్ సీట్ల మీద, దుకాణాల మెట్ల మీద కూర్చున్న మనుషులు తెల్లకాగితం పొట్లాలు విప్పుతుంటారు. పట్టకారుతో ఒక రాయిని అందుకుని, కంటికి ఆనించిన చిన్న భూతద్దం ముందుకు తెచ్చుకుని కదలకుండా చూస్తారు. 2023 డిసెంబరు 17న ఊరి చివర ఖజోద్‌లో 67 లక్షల చదరపు అడుగుల డైమండ్ బోర్స్ ప్రారంభమైంది. అయినా ఈ సందులో బేరాలు సాగుతూనే ఉన్నాయి. సందైనా భవనమైనా అద్దం మాత్రం ఒకటే, పది రెట్లది. ప్రపంచంలో ఎక్కడ వజ్రానికి నాణ్యం కట్టినా కొలత అదే. పది రెట్లు పెంచి చూసినప్పుడు లోపల నల్లచుక్క కనబడితే ఒక ధర, కనబడకపోతే ఇంకో ధర.

చర్మం డాక్టర్ల దగ్గరా దాదాపు ఇలాంటి అద్దమే ఉంటుంది. డెర్మటోస్కోప్ అంటారు. చాలావాటి శక్తి ఆ పది రెట్లే. పక్కన ఒక దీపం ఉండి, చర్మం పైమెరుపును తగ్గించి, కింది పొరల రంగులు కనబడేలా చేస్తుంది. పులిపిరి లోపల చుక్కలున్నాయా, మడతలున్నాయా, రక్తనాళాలు ఏ తీరుగా ఉన్నాయి అన్నది తెలుస్తుంది. ఒకే ఊళ్ళో ఒకే శక్తి ఉన్న రెండు అద్దాలు, రెంటి పనీ మచ్చను వెతకడమే. కానీ ఒకటి మచ్చను చూసి ధర తగ్గిస్తుంది. రెండోది మచ్చను చూసి, చాలాసార్లు, ‘దాని మానాన దాన్ని ఉండనివ్వండి’ అంటుంది. ఈ రెండో మాటను నమ్మడం ఎందుకింత కష్టమో అని నాకు చాలాకాలంగా ఆశ్చర్యం.

మచ్చను దాచే విద్య మనకు కొత్తదేమీ కాదు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే పదిహేడో శతాబ్దంలో సూరత్ రేవులో దిగి గోల్కొండ రాజ్యానికీ, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులకూ వెళ్ళాడు. 1676లో అచ్చయిన యాత్రాగ్రంథంలో దక్కను గనుల దగ్గర సానపట్టేవాళ్ళ గురించి ఒక సంగతి రాశాడు. రాయి శుభ్రంగా ఉంటే బరువు పోతుందని పెద్దగా చెక్కరట. లోపల చుక్కో పగులో ఉంటే మాత్రం రాయి నిండా చిన్నచిన్న ముఖాలు చెక్కేస్తారట, ఆ తళుకులో లోపం కంటికి దొరక్కుండా. అమ్ముకునేవాడికి అది న్యాయమే. మన ఒంటిని మనం అమ్ముకోవడం లేదు కదా. పెళ్ళిచూపుల మాట వేరనుకోండి.

సూరత్‌లో మాది ఇప్పుడు పర్వత్ పాటియా. అంతకుముందు లింబాయత్. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఈ వైపు ఎన్నున్నాయంటే, మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతుంది. ఇక్కడి ఆశ్వయుజంలో బతుకమ్మకు కొదవ లేదు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటాం, ఇక్కడా సాంచె అనే అంటాం. ఆ సాంచెల ఖాతాల్లో, అంటే షెడ్లలో, పాళీ పన్నెండు గంటలు. పగటి పాళీ చేసి వచ్చినవాడు అద్దంలో తన మొహం చూసుకునేది గడ్డం గీసుకునేటప్పుడే. డాక్టరు దగ్గరికి పోవడమంటే ఒక పూట కూలి వదులుకోవడం. కాబట్టి ఒంటి మీద ఏదైనా లేస్తే ముందు దొరికేది పక్కింటి వైద్యం. దాని గురించి తర్వాత చెబుతాను, చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు మా మేనత్త సంగతి. అరవై దాటిన మనిషి. రెండు బుగ్గల మీదా, కళ్ళ కిందా నల్లటి చిన్న చిన్న బుడిపెలు. మెడచుట్టూ వేలాడే పొక్కుల్లాంటివి. వీపు మీద గోధుమరంగు మచ్చలు, ముట్టుకుంటే గరుకు. మనవరాలి పెళ్ళి కుదిరింది. ‘ఫోటోల్ల నా మొకం ఎట్లుంటదిరా’ అని మొదలుపెట్టింది. అన్నిటినీ కలిపి ఒకటే పేరుతో పిలిచేది, పులిపిర్లు. సూరత్‌లో మిగతావాళ్ళూ అన్నిటినీ కలిపి మస్సా అనే అంటారు. అక్కడే చిక్కంతా ఉంది, ఎందుకంటే ఆమె ఒంటి మీదున్నవి ఒక రకం కాదు.

వీపు మీదివి సెబోరిక్ కెరటోసిస్. చర్మం పైపొర కణాలు ఒకచోట కాస్త ఎక్కువగా పెరిగి పేరుకుపోవడం తప్ప మరేమీ కాదు. నలభై దాటాక మొదలై వయసుతో పాటు పెరుగుతాయి. కరిగిన మైనం చుక్క పడి గట్టిపడ్డట్టుంటుంది. గోరు పెడితే ఊడివచ్చేస్తుందేమో అనిపిస్తుంది. అంటుకోవు, క్యాన్సర్‌గా మారవు. వీటి గురించి నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. వీటిలో చాలావాటికి ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో మార్పే మూలం. మూత్రాశయ క్యాన్సర్‌లో కూడా అదే జన్యువు మారి కనిపిస్తుంది. అక్కడ ప్రాణం మీదికి తెచ్చే మార్పు, వీపు మీద మాత్రం పెసరగింజంత గరుకు మచ్చను లేపి ఊరుకుంటుంది. జన్యువు పేరు వినగానే బెదిరిపోయేవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

బుగ్గల మీదివి వీటికి దగ్గర చుట్టాలే. చామనఛాయ, నలుపు చర్మాల వాళ్ళలో ఎక్కువ, అందులోనూ ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. 1925లో ఇటలీ వైద్యుడు ఆల్డో కాస్టెల్లాని వీటికి డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా అని పేరు పెట్టాడు. అంత పొడుగు పేరు అంత చిన్న చుక్కకు ఎందుకో నాకు అర్థం కాదు. కుటుంబాల్లో నడుస్తాయి. మా నాయనమ్మకు ఉండేవి, మేనత్తకు వచ్చాయి, రేపు మా చెల్లెలికీ రావచ్చు. హాలీవుడ్ నటుడు మోర్గాన్ ఫ్రీమన్ బుగ్గల మీద చుక్కలు చూశారు కదా, వైద్య విద్యార్థులకు వీటిని వివరించేటప్పుడు చాలామంది ఆ మొహాన్నే గుర్తుచేస్తారు. ఆయన వాటితోనే ఆస్కార్ కూడా తీసుకున్నాడు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. ఇలాంటి మచ్చలు కొన్ని వారాల్లో, నెలల్లో ఒక్కసారిగా గుంపుగా లేచి, దురదపెడుతుంటే అప్పుడు పట్టించుకోవాలి. అరుదుగా అది కడుపు లోపలి క్యాన్సర్‌కు సూచన కావచ్చు. దాన్ని లెసెర్–ట్రెలా లక్షణం అంటారు. ఆ పేర్లు జర్మనీకి చెందిన ఒక సర్జన్‌వీ, ఫ్రాన్సుకు చెందిన ఇంకో సర్జన్‌వీ. తమాషా ఏమిటంటే ఆ ఇద్దరూ గమనించింది ఈ మచ్చలను కాదనీ, వయసుతో వచ్చే ఎర్ర రక్తపు చుక్కలననీ తర్వాతి వాళ్ళు తేల్చారు. పేరు మాత్రం వాళ్ళదే మిగిలింది.

ఇక మెడ చుట్టూ వేలాడేవి. సన్నటి కాడ, దాని చివర మెత్తటి తోలుముక్క. చర్మం చర్మాన్ని రాసుకునే చోట్ల వస్తాయి, మెడ, చంక, గజ్జ, కనురెప్ప. సూరత్ ఉక్కకు చెమట ఆరదు కాబట్టి రాపిడికి తక్కువ లేదు. గర్భిణుల్లో కూడా కనబడతాయి. ఇవి వాటంతట అవి ఏ హానీ చేయవు. కానీ మేం తీసుకెళ్ళిన చర్మం డాక్టరు వీటిని చూసి అత్తను అడిగిన ప్రశ్న వేరే: ‘మాసీ, షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?’ ఎప్పుడూ చూపించుకోలేదు. మెడ మీద ఇవి గుంపుగా ఉండి, మెడ వెనక చర్మం మఖమల్ గుడ్డలా నల్లగా మందంగా ఉంటే, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది అని లెక్క తేల్చింది. వాళ్ళలో ఎంతమంది మెడలు ముందే చెప్పి ఉంటాయో! అత్త రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. మొహం బాగుచేయించుకుందామని వెళ్ళిన మనిషి మెట్‌ఫార్మిన్ బిళ్ళలతో తిరిగొచ్చింది. ఆ అసంతృప్తి ఇప్పటికీ పోలేదు.

అసలైన పులిపిరి వీటన్నిటికంటే వేరు. అది వైరస్ పని. హ్యూమన్ పాపిలోమా వైరస్‌లలో 200కు పైగా రకాలున్నాయి, వాటిలో కొన్నే చేతులకూ కాళ్ళకూ పులిపిర్లు తెస్తాయి. పైన గరుకుగా కాలీఫ్లవర్‌లా విచ్చుకుని, దగ్గరగా చూస్తే నల్లటి చుక్కలుంటాయి. అవి విత్తనాలని మా చిన్నప్పుడు నమ్మేవాళ్ళం. విత్తనాలు కావు, గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. ఇది అంటువ్యాధే అని 1907లో ఇటలీ వైద్యుడు చుఫో తేల్చాడు. పులిపిరిని నూరి, కణాలేవీ లేకుండా వడకట్టిన ద్రవంతో కూడా కొత్త పులిపిరి మొలుస్తుందని చూపించాడు. ఆ ప్రయోగం చేసుకున్నది తన చేతి మీదే. అంటే దీనికి కారణం కప్పను ముట్టుకోవడం కాదు, నక్షత్రాలు లెక్కపెట్టడం కాదు. గాటు పడిన చర్మంలోకి వైరస్ దూరడం. గడ్డం కింద పులిపిరి ఉన్నవాడు దాని మీదుగా బ్లేడు నడిపితే వరసగా నారు పోసినట్టు కొత్తవి లేస్తాయి. మంగలి షాపులో కొత్త బ్లేడు అడగడం మొహమాటపడే విషయం కాదు. పిల్లలకు వచ్చేవాటిలో మూడింట రెండు వంతులు రెండేళ్ళలోపు వాటంతట అవే పోతాయి. ఒంటికి ఆ వైరస్ ఎవరో తెలిసివస్తుంది, తరిమేస్తుంది.

పక్కింటి వైద్యాలన్నీ విజయం సాధించేది సరిగ్గా ఇక్కడే. ఎలాగూ పోయేదానికి ఏం పూసినా పోతుంది, పేరు మాత్రం పూసిన మందుకు వస్తుంది. తమిళనాట వైదీశ్వరన్ కోయిల్‌లో ఉప్పు, మిరియాలు సమర్పిస్తారు. కోనేట్లో బెల్లం వేస్తారు, బెల్లం కరిగినట్టే రోగం కరుగుతుందని. దీని మీద నాకు తగాదా లేదు. దేవుడికి ఇచ్చిన మిరియం చర్మాన్ని కాల్చదు. కాల్చేవి వేరే ఉన్నాయి.

గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టడం ఒకటి. కాడ ఉన్నవాటికి రక్తం ఆగి ఎండి రాలిపోతుంది, ఆ మేరకు అందులో నిజం ఉంది. చీము పట్టినా, ధనుర్వాతం సోకినా ఆ నిజం కాపాడదు. జిల్లేడు పాలు ఇంకొకటి. కనురెప్ప మీది బుడిపెకు పూయబోయి కంట్లో పడేసుకుంటే నల్లగుడ్డు పైపొర ఉబ్బి చూపు మసకబారుతుంది. నల్లజీడి గింజ రసం మరొకటి. చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేది దాంతోనే. బట్ట మీద చెరగనిది చర్మం మీద చెరుగుతుందా? బొబ్బలు లేచి, మానాక పులిపిరి కంటే పెద్ద మచ్చ మిగులుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా వాడేది సున్నం, బట్టల సోడా. రెండూ తడిపి కలిపి పులిపిరి మీద పెడతారు. మంట పుడుతుంది, నల్లబడుతుంది, రాలుతుంది. పనిచేస్తుందనే అనిపిస్తుంది. జరిగేది ఏమిటంటే, సున్నమూ సోడా నీళ్ళలో కలిసి కాస్టిక్ సోడా అవుతాయి. పాండేసరా, సచిన్ వైపు డైయింగ్ మిల్లుల్లో పనిచేసిన వాళ్ళకు దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పాలిస్టర్ బట్ట సిల్కులా మెత్తబడాలని దాన్ని వేడి కాస్టిక్ సోడాలో నడిపి దారం పైపొర కరిగిస్తారు. అక్కడ ఎంత పాళ్ళు, ఎంత వేడి, ఎంతసేపు అన్నదానికి లెక్క ఉంటుంది. లెక్క తప్పితే బట్ట తాకాకు తాకా చిల్లులు పడుతుంది. చెంప మీద పెట్టుకున్నప్పుడు ఆ లెక్క ఎవరు చూస్తారు? మిల్లులో రబ్బరు తొడుగులు వేసుకుని కాస్టిక్ డ్రమ్ము ముట్టుకునే మనిషి, ఇంటికొచ్చి భార్య మెడకు అదే సరుకు చేత్తో పూయడం నేను చూశాను. పేరు మారేసరికి భయం పోయింది.

అలాగని పాతదంతా మూఢమని కొట్టిపారేయలేం. సుశ్రుత సంహిత తిలకాలకం, మశకం, చర్మకీలం అంటూ వీటిని విడివిడిగా గుర్తుపట్టింది. శస్త్రంతో కోసి, క్షారంతోనో నిప్పుతోనో కాల్చమంది. ఇవాళ డాక్టరు రేడియో తరంగాల సూదితో చేసేదీ కోయడం, కాల్చడమే. తేడా అల్లా ముందు ఏది ఏదో గుర్తుపట్టడంలో ఉంది. సుశ్రుతుడు పట్టుబట్టింది దాని గురించే. మనం ఆయన దగ్గర క్షారం తెచ్చుకున్నాం, గుర్తుపట్టడం అక్కడే వదిలేశాం.

పుట్టుమచ్చ ఇంకో సంగతి. రంగు తయారుచేసే కణాలు గుంపుగా చేరితే వచ్చేది. పుట్టుకతో ఉండేది నూటికి ఒక పసిబిడ్డకే. మిగతావన్నీ చిన్నతనంలో, యవ్వనంలో తేలేవి. మొదట చదునుగా, నల్లగా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కణాలు లోపలికి దిగి, పైన బుడిపెలా లేచి, రంగు వెలిసి, ఒకట్రెండు వెంట్రుకలు మొలిచి, పులిపిరిలా కనబడుతుంది. మనిషితో పాటు దానికీ బాల్యం, ముసలితనం ఉంటాయన్నమాట.

మన సమాజం పుట్టుమచ్చను చూసే తీరులో ఒక వింత ఉంది. పంచాంగాల వెనక పేజీలు కుడి బుగ్గ మీద ఉంటే ధనయోగం, కాలి మీద ఉంటే దేశాటనం అంటాయి. ఆ లెక్కన సూరత్‌లో ఉన్న మా వాళ్ళందరి కాళ్ళ నిండా మచ్చలుండాలి. ప్రభుత్వం మాత్రం మచ్చను చూసేది గుర్తుగా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పాసైనవాళ్ళ సర్టిఫికెట్ తీసి చూడండి, గుర్తింపు చిహ్నాల కింద దాదాపు అందరికీ ఒకటో రెండో పుట్టుమచ్చలుంటాయి. పదిహేనేళ్ళ వయసులో క్లాసు టీచరు బల్ల ముందు చొక్కా చేయి పైకి మడిచి మచ్చ చూపించని తెలుగువాడు అరుదు. 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడనుకున్న భవాల్ జమీందారీ కుమారుడు ఏళ్ళ తర్వాత సన్యాసిగా తిరిగొచ్చినప్పుడు, ఢాకా కోర్టు అతని ఒంటి మీది గుర్తులను ఒక్కొక్కటిగా పరిశీలించింది. 1936లో అతనే కుమారుడని తీర్పు వచ్చింది, 1946లో ప్రివీ కౌన్సిల్ దాన్నే నిలబెట్టింది. వజ్రానికీ అంతే. లోపలి చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీసిన పటమే, దొంగిలించిన రాయి తిరిగి దొరికినప్పుడు ఇది మనదే అని తేలుస్తుంది. మచ్చ లేని రాయికి ధర ఎక్కువ, ఆనవాలు తక్కువ.

రైలు పట్టాల పక్కన దొరికిన గుర్తు తెలియని శవాల ప్రకటనలు పేపర్లలో చదివినప్పుడు నా కళ్ళు ముందు వెతికేది ఆ వాక్యం కోసమే: ఎడమ చేతి మీద పుట్టుమచ్చ కలదు. వలసొచ్చిన ఊళ్ళో అది కొన్నిసార్లు ఆధార్ కార్డు కంటే ముందు పలుకుతుంది.

ఇక భయపడాల్సిన దాని గురించి. నల్లమచ్చ అనగానే చదువుకున్నవాళ్ళకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గుర్తొస్తుంది. తెల్లచర్మం వాళ్ళకు, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో, అది నిజంగా పెద్ద సమస్య. మన దేశంలో ఏడాదికి లక్షమందిలో ఒకరికి కూడా రాదు. చర్మంలోని మెలనిన్ మనకు గొడుగు పడుతుంది. అయితే ఆ గొడుగు నీడ పడని చోట్లున్నాయి, అరికాలు, అరచేయి, గోటి కింద. మన లాంటి చర్మాల వాళ్ళకు మెలనోమా వస్తే ఎక్కువగా అక్కడే వస్తుంది. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటి కింద 1977లో బయటపడింది అదే. ముందు ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981 మే 11న, 36 ఏళ్ళకు పోయాడు.

ఎంత తలకిందులు వ్యవహారమో చూడండి. అద్దంలో రోజూ కనబడే చోట, హాని చేయని చుక్కల కోసం జీతం ఖర్చుపెడతాం. అరికాలును ఏడాదికొకసారి కూడా తిప్పి చూడం. సాంచెల మధ్య చెప్పులు లేకుండా తిరిగే మా వాళ్ళ కాళ్ళను గురించి అసలే అడగొద్దు. ఈ విషయాలు తెలిశాక ఒక ఆదివారం మా నాన్న కాళ్ళు స్టూలు మీద పెట్టించి బ్యాటరీ లైటుతో చూశాను. ‘ఏమ్రా, కొత్తగా కాళ్ళు మొక్కుడా’ అన్నాడు. ఆనెలు తప్ప ఏమీ లేవు. ఆనె కూడా పులిపిరి కాదు. ఒత్తిడికి చర్మం మందమెక్కడం. అరికాలి పులిపిరికైతే నల్లటి చుక్కలుంటాయి, పక్కల నుంచి నొక్కితే నొప్పి. ఆనె నేరుగా నొక్కితే నొప్పి.

ఏ మచ్చను డాక్టరుకు చూపించాలో చెప్పడానికి 1985లో న్యూయార్క్ వైద్యులు ఒక సులువైన పద్ధతి పెట్టారు. మచ్చను మధ్యగా ఊహించి చీలిస్తే రెండు సగాలు ఒకేలా లేవా? అంచు చిరిగిన కాగితంలా ఉందా? ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నాయా? ఆరు మిల్లీమీటర్లు, అంటే పెన్సిలు వెనక రబ్బరంత దాటిందా? తర్వాత 2004లో ఇంకో ప్రశ్న చేర్చారు, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే: మారుతోందా? నలభై ఏళ్ళుగా అలాగే ఉన్న మచ్చ ఎంత పెద్దదైనా పెద్దగా కంగారు పెట్టదు. ఈ ఏడాది మారిన మచ్చ ఎంత చిన్నదైనా చూపించాల్సిందే. రక్తం చెమ్మగిల్లడం, పుండై మానకపోవడం కూడా అంతే. ముక్కు పక్కన, కంటి మూల నల్లగా నిగనిగలాడుతూ మెల్లగా పెరిగే బుడిపెను పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. మన వాళ్ళలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ చాలాసార్లు ఆ వేషంలోనే వస్తుంది. ప్రాణం తీయడం అరుదు, కానీ ఆలస్యమైతే ముక్కును తినేస్తుంది.

అడాజన్, వేసూ వైపు మెరుపు బోర్డుల క్లినిక్కులకు కొదవ లేదు. ఒక్క సిట్టింగులో మచ్చలు మాయం అంటాయి. మాయమయ్యే మాట నిజమే. లేజర్ మచ్చను ఆవిరి చేస్తుంది. దాంతోపాటు అది ఏ మచ్చో తేల్చే ఆధారాన్ని కూడా ఆవిరి చేస్తుంది. అందుకే అనుమానం ఉన్నదాన్ని కాల్చకూడదు, కోసి సీసాలో వేసి పెథాలజీ పరీక్షకు పంపాలి. పెథాలజీ మాటే ఎత్తకుండా పుట్టుమచ్చ మీదికి లేజర్ తిప్పే చోటి నుంచి లేచి వచ్చేయడం మేలని నా అభిప్రాయం.

హాని చేయనిదని తేలాక తీయించుకోవాలనిపిస్తే తప్పేమీ లేదు. మత్తు క్రీము రాసి విద్యుత్తు సూదితో కాల్చడం, గీకి తీయడం, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, ఏదైనా నిమిషాల పనే. వైరస్ పులిపిరికైతే సాలిసిలిక్ ఆమ్లం రోజూ పూస్తూ వారాల తరబడి ఓపిక పట్టాలి. ఆ మందును పుట్టుమచ్చకు పూయకూడదు. ఇంగ్లీషు పుస్తకాలు తెల్లచర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి కాబట్టి ఒక హెచ్చరిక అంతగా వినబడదు. మన చర్మం గాయాన్ని మరచిపోదు. కాల్చిన చోట నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోవచ్చు. నైట్రోజన్ ఎక్కువైతే తెల్లమచ్చ పడుతుంది. ఛాతీ, భుజం, చెవితమ్మె దగ్గర గాటు కెలాయిడ్‌గా ఉబ్బవచ్చు. బుగ్గ మీది ఇరవై నల్లచుక్కలు తీయించుకుని ఇరవై తెల్లచుక్కలతో తిరిగొచ్చిన వాళ్ళున్నారు. వజ్రాల్లోనూ లోపలి నల్లచుక్క దాకా లేజర్‌తో సన్నటి దారి తొలిచి, ఆమ్లంతో దాన్ని తెల్లబరుస్తారు. ఆ తొలిచిన దారి రాయిలో ఉండిపోతుంది. సర్టిఫికెట్‌లో ఆ సంగతి రాసితీరాలి. మన మొహానికి అలాంటి సర్టిఫికెట్ లేదు గానీ, రోజూ చదివేవాళ్ళు బోలెడంతమంది.

ఇంత ఖర్చు పెట్టలేని వాళ్ళకు మజూరా గేట్ దగ్గర న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది, ఉమర్‌వాడాలో స్మీమేర్ ఉంది. రెండిట్లోనూ చర్మవ్యాధుల విభాగాలున్నాయి. లింబాయత్ నుంచి స్మీమేర్ దూరమేమీ కాదు. వరుసలో నిలబడే ఓపిక ఉండాలి, అంతే. మా వాళ్ళు అంత తేలిగ్గా పోరు, కారణం దూరం కాదు. మందు రాయని డాక్టరంటే మా వాళ్ళకు నమ్మకం లేదు. చీటీ మీద నాలుగు గీతలు, ఒక సూది, కనీసం ఒక పూత ఉండాలి. మొహానికి ఏ పూతా రాయలేదని అత్త ఆ రోజు బయటికొచ్చి మెట్ల మీదే నన్ను నిలదీసింది. ‘చూసిండు, పొమ్మన్నడు. గా అద్దం పెట్టి చూసుడుకే పైసలా? గట్లయితే నేను పెట్టుకుంట దుకాణం.’ వజ్రాల బజారులో పదిరెట్ల అద్దం పెట్టి చూసేవాడి కంటికి ఎంత ధర ఉందో చెప్పాను. ‘ఆడు రాయి కొంటడు బిడ్డా, ఈయన నా మొకం కొన్నడా?’ అంది. నాకు జవాబు దొరకలేదు.

పెళ్ళికి ముందు మెడ చుట్టూ వేలాడేవి మాత్రం తీయించుకుంది. పుస్తెలతాడు తగులుకుని రక్తం వస్తోంది కాబట్టి, అది నిజమైన అవసరం. బుగ్గలను డాక్టరు ముట్టుకోలేదు. ఫోటోల్లో అవి ఉన్నాయి. ఆల్బమ్ చూసినవాళ్ళు ఆమె చీర అంచు గురించే అడిగారు, అది మా ఖాతాలో నేసింది కాదని తెలిసి చిన్నబుచ్చుకున్నారు కూడా. ఇప్పుడు గోడాదరా, డిండోలీ నుంచి కూడా ఆడవాళ్ళు మెడలూ బుగ్గలూ చూపించుకోవడానికి అత్త ఇంటికొస్తున్నారు. సున్నం పెట్టాలా, వెంట్రుక కట్టాలా అని అడుగుతారు. ఆమె డాక్టరు చిరునామా చెప్పి, ఫీజు ఎంతో చెప్పి, చివర్న తన పద్ధతిలో సిఫారసు చేస్తుంది: ‘పో, పోయి సూపెట్టుకో. ఆయన ఏం జెయ్యడు.’